మూసిన ఇంట్లో నిండిన హార్డ్ డిస్క్

దయ్యాల మాట వస్తే లేచి పక్కకు వెళ్ళిపోయే మనిషిని నేను. ఇంటర్‌తో చదువు ఆగిపోయినా, కడప గ్రంథాలయంలో సైన్సు బీరువాలో నేను తెరవని పుస్తకం లేదు. కంప్యూటర్ కూడా ముందు పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. ముట్టుకున్నది ఆ తర్వాతే. ఏ వింతకైనా కారణం ఏదో ఒక పేజీలో ఉంటుందని నా నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఆ పేజీ నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇంట్లో కంప్యూటర్ ఉందని గొప్పగా చెప్పుకునే రోజులవి. మా అక్క భర్త, అంటే బావకు బజారులో పప్పుల అంగడి. ఒక్కతే కూతురు మాధవి డిగ్రీలో చేరితే ఆమె కోసం కొన్నాడు. మాధవి దానికి మైకు తగిలించి, తనకు వచ్చిన పాటలన్నీ పాడి దాచుకునేది.

"మామా, ఇంకా ఎన్ని పాటలు పడతాయి దీంట్లో?" అని ఒకరోజు అడిగింది. డ్రైవ్ మీద నొక్కి, ఖాళీ ఎంతుందో చూపే గుండ్రటి బొమ్మ చూపించాను. సగానికి పైగా ఖాళీయే.

"నువ్వు ముసల్దానివయ్యేదాకా పాడినా నిండదులే" అన్నాను.

ఆ ఎండాకాలమే జ్వరం వచ్చి, ఇంట్లోనే పోయింది.

పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నాడు పురోహితుడు. మా వైపు అలాంటప్పుడు దీపం కూడా లేకుండా ఇల్లు వదిలేసి, తాళం వేసి, వాకిలికి అడ్డంగా ముళ్ళకంప పెడతారు. గడువు తీరేదాకా ఎవరూ లోపలికి పోరు.

అక్క గడప పట్టుకుని కదల్లేదు. "బిడ్డ పోయిన ఇల్లు ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

"పోయినదాని కోసం ఉన్నోళ్ళు కూడా పోవాల్నా?" అన్నాడు బావ. మెయిన్ బోర్డులో ఫ్యూజులు తనే పీకి జేబులో వేసుకున్నాడు. రెండు వీధుల అవతల, అంగడి వెనక గదిలో కాపురం పెట్టారు.

ఆరు నెలల తర్వాత కంప తీసింది నేనే. ముళ్ళకూ తలుపుకూ మధ్య సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది. కరెంటు మీటరు ఒక్క అంకె కదల్లేదు. ఇవి రెండూ నా కళ్ళతో చూసినవి.

శాంతి జరిగాక అక్క మొదట అడిగింది మాధవి పాట. ఫ్యూజులు బిగించి కంప్యూటర్ వేయగానే డిస్కులో ఖాళీ లేదని హెచ్చరిక వచ్చింది. బొమ్మ చూస్తే ఖాళీ అన్నదే లేదు. వైరస్ అనుకుని వెతికాను. దాక్కున్న ఫైళ్ళు చూశాను, చెత్తబుట్ట ఖాళీ చేశాను. పుస్తకంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చేశాను.

బావ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. "ఏమప్పా, నీ గ్రంథాలయంలో దీనికి మందు రాయలేదా?"

చివరికి నిండింది ఎక్కడో తెలిసింది. మాధవి పాటలు దాచుకున్న ఫోల్డరులో. పేర్లు లేని ఫైళ్ళు, అన్నీ శబ్దాలే. వాటి మీద తేదీలు ఇల్లు మూసి ఉన్న నెలలవి. కంప్యూటర్ గడియారం సరిగ్గానే ఉంది.

మొదటివాటిలో ఏమీ లేదు. బల్లి అరుపు, వీధిలో పోయే ఆటో. తర్వాత గదిలోంచి గదిలోకి ఎవరో తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత మాధవి గొంతు.

"అమ్మా, యాడుండావు? ఎవురూ పలకరేంటికి?"

ఒక్కో ఫైలు తెరిచేకొద్దీ గొంతు బొంగురుపోతూ వచ్చింది. తలుపు తీయమంటుంది. గొళ్ళెం కొడుతుంది. "నేనేం చేస్తినమ్మా" అంటుంది. కట్టేయబోతే అక్క నా చేయి పట్టుకుంది. అన్నీ విన్నది. ఏడవలేదు. చివరిది "అమ్మా, నాకు" అన్నంతవరకు వచ్చి తెగిపోయింది.

"ఆపైన?" అంది.

"జాగా అయిపోయిందక్కా. నిండిపోతే ఇంక రికార్డు కాదు."

నాకు తెలిసిన సంగతి చెప్పానంతే. అక్క దాన్నే పట్టుకుంది. మైకు పెట్టి, రోజంతా కంప్యూటర్ వేసి ఉంచేది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ పడలేదు. వారం పోయాక బావతో చెప్పింది.

"మనముంటే అది మాట్లాడదు. జాగా పెంచి, మళ్ళా ఇల్లు మూద్దాం. బిడ్డ మాట సగంలో ఆగిపోయుండాది."

"పిచ్చి ముదిరింది నీకు" అన్నాడు బావ. అయినా పెద్ద హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చింది ఆయనే. పాతది ఎలాగూ నిండింది కాబట్టి, కొత్తదాన్ని రెండోదిగా తగిలించాను. పాతదానికి ఎన్నో రెట్లు. అక్కకు గుండ్రటి బొమ్మ చూపించాను. అంతా ఖాళీ. మాధవి పోయాక అక్క ముఖంలో నవ్వు చూసింది అప్పుడొక్కసారే.

మళ్ళీ ఫ్యూజులు పీకాం. ఈసారి తాళం అక్కే వేసింది. కంప కూడా తనే లాగి పెట్టింది. ముల్లు గుచ్చుకుని అరచేయి చీరుకుపోయినా నన్ను ముట్టుకోనివ్వలేదు.

మళ్ళీ ఆరు నెలలూ ఆగి తెరిచాం. కొత్త డిస్కులో ఒకే ఒక్క చిన్న ఫైలు. తేదీ మేము ఇల్లు మూసిన రోజుది.

అందులో తాళం పడిన చప్పుడు, కంప నేల మీద ఈడ్చిన చప్పుడు, ముల్లు గుచ్చుకుని అక్క అన్న "అబ్బా" కూడా ఉన్నాయి. అన్నీ లోపలి నుంచి విన్నట్టు. తర్వాత మైకుకు బాగా దగ్గరగా మాధవి గొంతు. ఏడుపు లేదు. మెల్లగా అడిగింది.

"మళ్ళీ పోతాండావామ్మా?"

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు.

నేను తెలిసిన ఇద్దరు ఇంజనీర్లను అడిగాను. కరెంటు లేకుండా డిస్కు తిరగదన్నారు. ఆ సంగతి నాకూ తెలుసు. పుస్తకాలు మళ్ళీ తిరగేశాను. ఎవరో ఆట పట్టించారనుకుందామంటే సాలెగూడు, మీటరు అడ్డొస్తాయి. ఎటు తిప్పి చూసినా లెక్క కుదరలేదు.

అక్క ఆ ఇంటికి మళ్ళీ తాళం వేయలేదు. పెళ్ళిళ్ళకు పోదు, చావులకు పోదు. తిరుపతికి పిలిచినా రాదు. మొన్న బావను ఆసుపత్రిలో చేర్చినా గడప దాటలేదు.

కంప్యూటర్ ఎప్పుడో పాడైపోయింది. ఆ పెద్ద డిస్కు నా దగ్గరే ఉంది. వెళ్ళినప్పుడల్లా అక్క ఒకటే అడుగుతుంది.

"ఏమన్నా నిండిందా రమణా?"

వెళ్ళేముందు నా కంప్యూటర్‌కు తగిలించి చూసే వెళ్తాను. ఆ ఒక్క ఫైలు తప్ప అంతా ఖాళీయే. లేదక్కా అంటాను.