కొప్పులక్ష్మి కాసు

మొన్న శుక్రవారం పొద్దున్నే చోడవరంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఫోన్ చూస్తున్నాను. ఏదో మ్యూజియం వాళ్లు పెట్టిన రోమన్ బంగారు నాణెం ఫొటో కనబడింది. ఒకవైపు జడలు చుట్టి కొప్పు పెట్టుకున్న మహారాణి, రెండోవైపు పళ్లు నిండిన కొమ్ము పట్టుకుని కూర్చున్న దేవత. ఓరి నాయనో! కాఫీ చొక్కా మీద ఒలికింది. ఈ రాణి మా నాయనమ్మ పూజించిన లక్ష్మీదేవి కదూ!

నాయనమ్మ కాసులపేరులో ఒక్క కాసు మాత్రం వేరుగా ఉండేది. వాళ్ల అత్తగారిచ్చిందట. దానికి 'కొప్పులక్ష్మి' అని పేరు పెట్టుకుంది. ప్రతి శుక్రవారం చింతపండూ ముగ్గుపిండీ వేసి పరపరా తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి, బెల్లంముక్క నైవేద్యం పెట్టేది. ఆ బెల్లం నాకే దక్కేది కనక అమ్మవారంటే నాకు మహాభక్తి. వెనకవైపు చూడబోతే మాత్రం చేతి మీద ఒక్కటిచ్చేది. "తిప్పకురా గుంటడా! ఎనకున్నది పెద్దమ్మ, దరిద్రం సుట్టుకుంటాది." లక్ష్మి వెనక అక్కగారు జ్యేష్ఠ ఉండక మానదని ఆవిడ నమ్మకం.

నాయనమ్మ పోయాక కాసూ, తోముడూ రోలుగుంటలో ఉన్న మా మేనత్తకి వచ్చాయి. ఆ కాసు కరిగించి మనవరాలికి చెవిపోగులు చేయిస్తానని అత్త పోయిన వారమే చెప్పింది. అది ఇప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తదు. తడిసిన చొక్కాతోనే స్కూటర్ తీశాను.

వెళ్లేసరికి వాళ్ల వసారాలో కంసాలి కుంపటి రాజేస్తున్నాడు. కాసు అప్పటికే బంగారం కరిగించే మూసలో పడి ఉంది. "ఆగు బాబూ, ఆగు!" అని వీధిలోంచే అరిచాను.

"ఏటిరా ఆ కేకలు?" అంది అత్త. "మొకం అరిగిపోయిన అమ్మోరికి పూజ సెయ్యకూడదు. అందికే ఇచ్చీసేను."

మూసలోంచి తీసి చూశాను. నిజమే. ముక్కూ లేదు, కళ్లూ లేవు, ఆ కొప్పూ లేదు. ఏడుపొచ్చినంత పనైంది. మెల్లగా వెనక్కి తిప్పాను, నా జన్మలో మొదటిసారి. ఎవరూ తోమని పెద్దమ్మ మెరిసిపోతోంది! చీర కుచ్చిళ్లు, కొమ్ములో పళ్లు, పెదవి మీద నవ్వు, అన్నీ నిన్న చెక్కినట్టున్నాయి.

అత్త కళ్లజోడు సర్దుకుంది. "ఒరే, పెద్దమ్మ సేతిలో సీపురుండాల గాని పళ్లుంటాయేటి? ఇన్నాళ్లూ ఈ తల్లిని బోర్లా పడుకోబెట్టీసేమురా!" అని చెంపలు వేసుకుంది. అక్కడికక్కడే చేతి ఉంగరం తీసి, చెవిపోగులకి అది కరిగించమని కంసాలికిచ్చింది. తర్వాత కాసు పట్టుకుని చింతపండు కోసం వంటింట్లోకి బయల్దేరింది.

"దానికి బొట్టు పెట్టుకో అత్తా, నీ కాళ్లకి దణ్ణం, తోమకు!" అని వెంటపడ్డాను.

రెండువేల ఏళ్లు ఆ మహారాణి మొహాన్ని ఏమీ చెయ్యలేకపోయాయి. మా ఇంటి శుక్రవారాలే చేశాయి.