మామయ్య క్రాస్‌బోకి కన్ను పెట్టిన రోజులు

మొన్న కళ్ళజోడు మార్చుకుందామని సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి అద్దాల దుకాణానికి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా ముక్కు మీద బరువైన చట్రమొకటి పెట్టి, అందులో ఒక్కో అద్దం మారుస్తూ, "ఆంటీ, మీకు చదవనీకా, దూరం చూడనీకా?" అని అడిగింది. రోజుకు వందమందిని అడిగే ప్రశ్నే. అయినా నాకు ఎక్కడో చురుక్కుమంది. పన్నెండేళ్ళ కిందట ఇదే ప్రశ్న మా యారాలు మా మామయ్యను అడిగింది. యారాలంటే తోడికోడలు, మా మరిది భార్య. పెళ్ళికి ముందు ఇలాంటి దుకాణంలోనే పనిచేసింది. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె నా ఏడేళ్ళ రాజ్యాన్ని లాగేసుకుంది.

రాజ్యమంటే పెద్దదేమీ కాదు. చిలకలగూడలో మా ఇంటి డాబా మీద, రేకుల కింద ఒక చెక్కబల్ల. మామయ్య కంటోన్మెంట్‌లో తుపాకులు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. చేతులు ఊరుకోక, వీధిలోవాళ్ళ మిక్సీలు, కుట్టుమిషన్లు, గోడగడియారాలు తెచ్చి ఆ బల్ల మీద విప్పేవారు. అత్తమ్మ నేను కాపురానికి రాకముందే పోయింది. మా ఆయన బల్బు మార్చమంటే ఎలక్ట్రీషియన్ నంబరు వెతికే మనిషి. అందుకని టార్చి పట్టేది నేనే. "పెద్దబిడ్డా, జెర గిట్ల రా" అన్న పిలుపు వినగానే పొయ్యి మీద పప్పు వదిలేసి మెట్లెక్కేదాన్ని. ఏ స్క్రూకి ఏ పనిముట్టు కావాలో ఆయన అడగకముందే అందించేదాన్ని. మా పుట్టింట్లో నలుగురు ఆడపిల్లల్లో నేను మూడోదాన్ని. నన్ను ప్రత్యేకంగా పేరుపెట్టి పిలిచి పని చెప్పినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఆయన వేళ్ళకుండే గ్రీజు వాసన నాకు ఇప్పటికీ ఇష్టం.

ఆ క్రాస్‌బో ఆయనకు ఒక ఆఫీసరు, ఊరు మారిపోతూ ఇచ్చి వెళ్ళినది. తుపాకీ కర్రకు ముందువైపు విల్లును అడ్డంగా బిగించినట్టుంటుంది. విదేశాల్లో వేటకని చేసిన సరుకు. ఇక్కడ వేటాడితే జైలే, పైగా మామయ్య కోడిని కోస్తుంటే కూడా అటు చూడలేని మనిషి. గడ్డి కూరిన గోనెసంచికి బాణం వేయాలన్నదే ఆయన సరదా. కాకపోతే దాని మీద గురి చూసే సైటు విరిగిపోయింది. తెలిసిన దుకాణదారుడు మూడు రకాలిచ్చి, ఇంట్లో చూసుకుని ఒకటి ఉంచుకోమన్నాడు. మొదటిది పాతకాలపు ఇనుప సైటు: వెనక చిన్న రంధ్రం, ముందు ఆవగింజంత పూస. రెండోది అద్దంలో ఎర్రచుక్క వెలిగేది. మూడోది దుర్భిణిలాంటి స్కోపు. నేను ఇనుపదే అన్నాను. ఆయన ఉద్యోగమంతా వాటితోనే గడిచింది కదా అని. ఆయన కూడా తలూపారు. అప్పుడే కొత్త కోడలు బట్టలు ఆరేయడానికి పైకి వచ్చింది.

"మామయ్యా, మీ అద్దాలు చదవనీకా, దూరం చూడనీకా?" అంది బకెట్ కింద పెడుతూ. రెండింటికీ అన్నారాయన. "గట్లయితే గీ ఇనుపది మీతోని కాదు. పూసను చూస్తే సంచి మసకైతది, సంచిని చూస్తే పూస మసకైతది. వయసుల గంతే." మామయ్య ఎర్రచుక్కది అందుకోబోయారు. ఆమె నవ్వింది. "మీకు సిలిండర్ పవర్ ఉన్నది గద, కంటిగుడ్డు సక్కగ గుండ్రంగ లేనోళ్ళకు ఇచ్చేది. అది మీకు చుక్క లెక్క గాదు, చీపురు లెక్క కనవడ్తది." ఆయన కన్ను ఆనించి చూసి, "అరే! నిజంగనే చీపురే!" అని చిన్నపిల్లాడిలా కేకేశారు. ఏడేళ్ళలో నా మాటకు ఆయన ఒక్కసారి కూడా అలా కేకవేయలేదు.

స్కోపు బిగించడం రెండు సాయంత్రాలు పట్టింది. క్రాస్‌బో వీపున ఉన్న ఇనుప పట్టీకి రెండు రింగులు కూర్చి, వాటిలో స్కోపును పడుకోబెట్టాలి. ఆయన క్రాస్‌బోని భుజానికి ఆనించుకుంటే, ఆమె స్కోపును కాస్త ముందుకూ వెనక్కూ జరుపుతూ, "ఇప్పుడు నల్లటి అంచు పోయిందా? నిండుగ కనవడ్తుందా?" అని అడిగేది. కంటికి నాలుగు వేళ్ళ దూరంలో కుదిరింది. లోపలి నిలువుగీత వంకర లేకుండా ఉండాలని పిట్టగోడకు దారంతో ఒక నట్టు వేలాడదీసి, దానితో సరిచూశారు. తర్వాత స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారు. నేను అలవాటు కొద్దీ టార్చి పట్టుకుని నిలబడ్డాను. మామయ్య తలెత్తి, ఎంతో ప్రేమగానే, "పెద్దబిడ్డా, జెర చాయ్ వెడ్తవా?" అన్నారు. ఆ రోజు చాయ్‌లో చక్కెర వేయలేదు. ఇద్దరూ అది గమనించకుండానే తాగేశారు.

ఆ ఆదివారం మేం ముగ్గురం బోయిన్‌పల్లి అవతల ఒక స్నేహితుడి ఖాళీ స్థలానికి వెళ్ళాం. మట్టికట్టకు సంచిని ఆనించి, ఇరవై అడుగుల దూరం నుంచి మొదలుపెట్టి, స్కోపు మీది మరలు తిప్పుకుంటూ సరిచేసుకున్నారు. చివరి మూడు బాణాలు అరచేయంత చోట దిగాయి. మామయ్య సంబరపడిపోయి, వచ్చే ఆదివారం తన పాత వర్క్‌షాపు దోస్తులిద్దరినీ పిలిచారు. "మా చిన్నకోడలు బిగించింది, వచ్చి చూడుర్రి" అని ఫోన్లో చెప్పడం నేను వంటింట్లోంచి విన్నాను.

శనివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు డాబా మీదికి వెళ్ళి, ముందు రింగు స్క్రూలు రెండూ అర చుట్టు వదులు చేశాను. రాయడానికి ఒక వాక్యం చాలింది. చేసేటప్పుడు మాత్రం మెట్ల వైపు పదిసార్లు తిరిగి చూశాను. ప్రతి స్క్రూ మీద నుంచి రింగు మీదికి గోళ్ళరంగుతో గీసిన సన్నటి ఎర్రగీత ఉంది. ఇక్కడ కూడా సింగారమేనా అని ఇంకాస్త మండింది.

మరునాడు మొదటి బాణం సంచి అంచుకు తగిలింది. రెండోది మట్టిలో దిగింది. మూడోది కట్ట దాటి పక్క స్థలంలోని రేకు మీద ఠంగుమంది. దోస్తులు పడీపడీ నవ్వారు. చిన్నకోడలు తల వంచుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను. కానీ మామయ్య క్రాస్‌బోని ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చున్నారు. కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకుని, "చిన్నబిడ్డ తప్పేం లేదు. నా కండ్లే పోయినయ్. ఇగ ఇది ఎవలికన్న ఇచ్చేద్దాం" అన్నారు. తుపాకుల మధ్య బతికిన మనిషి, గురి పోయిందని అనుకోవడమేమిటో నాకు అప్పుడు అర్థమైంది. నేను కొట్టాలనుకున్నది ఒకరిని, దెబ్బ తగిలింది ఇంకొకరికి.

ఆమె మెల్లగా క్రాస్‌బో అందుకుని స్కోపును కదిపి చూసింది. ఎర్రగీతలు మధ్యకు తెగి, స్క్రూ మీది ముక్క ఒకవైపు, రింగు మీది ముక్క ఇంకోవైపు ఉన్నాయి. స్క్రూ కదిలితే తెలియడానికే ఆ గీతలు గీసింది. అవి తమంతట తాముగా అంత తిరగవు. ఆమె తలెత్తి నా వైపు చూసింది, ఒక్క క్షణం. తర్వాత ఆయన పక్కన కూర్చుని, "మీ కండ్లు మంచిగున్నయ్ మామయ్యా. నేనే సక్కగ బిగియ్యలే. తప్పు నాది" అంది. "చెయ్యరానప్పుడు ఎందుకు ముట్టాలె బిడ్డా?" అన్నారాయన, దోస్తుల ముందే. ఆమె లేచి బాణాలు ఏరసాగింది. నేను రేకు దగ్గర పడిన బాణం తెస్తానని కట్ట అవతలికి తప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆమె వంటింట్లో నా చేతిలో ఆ స్క్రూలు బిగించే అలెన్ కీ పెట్టింది. "అక్కా, ఈసారి నువ్వు బిగియ్యి. ఎట్లనో నేను చెప్త." నేను ఏడ్చాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ అటు చూడలేదు. వారం తిరిగేసరికి మామయ్య బాణాలు మళ్ళీ అరచేయంత చోట దిగాయి. "పెద్దబిడ్డ చెయ్యి వడ్తే గిట్లుంటది!" అని దోస్తులకు చాటారు. ఏడేళ్ళు ఎదురుచూసిన మాట అది. మింగలేకపోయాను. ఆమె మాత్రం అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

మామయ్య ఆ తర్వాత నాలుగేళ్ళు ప్రతి ఆదివారం గురి చూశారు. నిజం ఆయనకు చెప్పలేదు. చెప్పే ధైర్యం వచ్చేసరికి ఆయన లేరు. యారాలు ఆ సంగతి ఇప్పటివరకు ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని, కనీసం ఒక్కసారి దెప్పితే బాగుండునని చాలాసార్లు అనిపించింది. అప్పట్లో ఆమె తెలివి చూసి కుళ్ళుకున్నాను. తర్వాత ఇన్నేళ్ళుగా ఆమె మంచితనం చూసి కుళ్ళుకుంటున్నాను. ఆ అసూయ ఇంకా నాతోనే ఉంది. నాతోపాటు దానికీ వయసు మీదపడి, ఈమధ్య మెట్లెక్కలేక కిందే కూర్చుంటోంది.