గాజు పెంకు కింద సముద్రం

మా ఆయన జయరావు పర్చూరులో సైన్సు మాస్టారు. పాఠం చెప్పడంలో ఆయనకు వంక పెట్టినవాళ్లు లేరు. ఇంట్లో మాత్రం మేకు కొట్టమంటే గోడ పెచ్చులూడదీసే రకం. అలాంటి మనిషి ఇంట్లో సముద్రం పెడతానన్నాడు.

దానికి మూలం నేనేనని మా అత్త అంకమ్మ దెప్పేది. నేను వాడరేవులో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయి ఈ నల్లరేగడి నేలకొచ్చాక, ఒక వేసవిలో కళ్లం మీది మిరపకాయల ఘాటుకు తుమ్మలేక చచ్చి, "సముద్రపు గాలి పీల్చి ఎన్నాళ్లయిందో" అన్నాను. అన్నమాట నేను మరిచిపోయాను. ఆయన మరవలేదు. పిల్లల్ని విహారయాత్రకు రామేశ్వరం వైపు తీసుకెళ్లినప్పుడు మండపం అనే ఊళ్లో గాజుతొట్టెలో బతికున్న పగడాలు చూశాడట. బస్సు దిగీ దిగగానే, "రెబ్కా, నీ సముద్రాన్ని ఇంటికే తెస్తా" అన్నాడు.

"తెచ్చుకోండి. నేను మాత్రం చెయ్యి పెట్టను. గేదె, వంట, మీ అమ్మ... చాలు నాకు" అన్నాను.

ఆ మాటను సవాలుగా తీసుకున్నాడు. ఎవరూ ముట్టుకోకుండా దానంతటదే బతికే సముద్రం కావాలి. ఎనభై అయిదో ఏడనుకుంటా, ఇక మా ఇంట్లో వేరే కబురే లేదు. తొట్టె ఎంత పెద్దదయితే చాకిరీ అంత తక్కువని, చిన్నదాంట్లో నీళ్లు ఒక్కపూటలో చెడతాయని చెప్పేవాడు. అందుకని మంచమంత తొట్టె కట్టించాడు. చీమకుర్తి క్వారీలో పనికిరావని పడేసిన రాతి పలకలు లారీవాణ్ణి బతిమాలి తెప్పించాడు. మూడు పక్కలా రాయి, ముందు గాజు. బుడగలకు బెజవాడ నుంచి చిన్న మోటారు. కరెంటు పోతే? లారీ ట్యూబులో గాలి కొట్టి, దానికి ఆస్పత్రి సెలైన్ గొట్టం తగిలించాడు. ఎండకు నీళ్లు ఇగిరి ఉప్పెక్కితే? పైన మంచినీళ్ల కుండ వేలాడదీసి దానికీ ఒక సెలైన్ గొట్టం పెట్టాడు, చుక్క చుక్క పడేటట్టు. వెలుతురు కోసం ఇంటికప్పు మీద మామూలు పెంకులు కొన్ని తీసి గాజు పెంకులు వేయించాడు.

"ఇంట్లో ఆస్పత్రి పెట్టావేంట్రా? రోగి ఏడీ?" అంది అత్త.

పగడాలు మన ఒడ్డున దొరకవు. ముందు వాడరేవు జీవాలు బతికితే, తరవాత మండపం నుంచి పగడాలు తెప్పిద్దామని ఆయన ఆశ. నాకూ ఆశే. పైకి విసుక్కునేదాన్ని గానీ, ఆ తొట్టె నిండితే చాలు, ఈ ఊళ్లో నాకంటూ ఒకటుంటుందనిపించేది.

నీళ్లకు ట్రాక్టరు, డ్రమ్ములు ఇచ్చింది యలమందయ్య గారు. పెద్ద పత్తి రైతు. ఆయన మనవలకు మా ఆయనే పాఠాలు చెప్పేవాడు. ఆ డ్రమ్ములు పత్తికి కొట్టిన పురుగుమందువి. అప్పట్లో ఆ డ్రమ్ము లేని ఇల్లు లేదు. చింతపండు, బూడిద పెట్టి తోమి ఎండబెడితే, వాసన పోయిందా, ఇక మంచిదే. మా వసారాలో తాగే నీళ్లకూ అదే.

వాడరేవు నుంచి నీళ్లొచ్చాయి. ఆల్చిప్పలు అంటుకున్న రాళ్లు, శంఖాల్లో కాపురముండే పీతలు, వెండి రంగు చిన్న చేపలు, అన్నీ మా నాన్న ఏరి బకెట్లలో పంపాడు. మధ్యాహ్నం గాజు పెంకుల్లోంచి ఎండ నీళ్లలోకి దిగింది. పీత ఒకటి ఇల్లు మోసుకుంటూ రాయెక్కింది. నేను పొయ్యి మీద అన్నం మాడబెట్టాను. ఎవరూ తిట్టలేదు.

పొద్దు వాలేసరికి చేపలు పక్కకు ఒరిగాయి. పీతలు శంఖాలు వదిలి బయటపడ్డాయి. దీపాలు పెట్టే వేళకు ఏదీ కదల్లేదు. మా ఆయన మోటారు చూశాడు, ట్యూబు చూశాడు, ఉప్పు చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి నీళ్లు తెచ్చిన డ్రమ్ము ముందు కూర్చుని లోపలికి తొంగిచూశాడు. ఉన్నట్టుండి లేచి వసారాలోకి వెళ్లి మా నీళ్ల డ్రమ్మును తన్ని పడేశాడు. నాకు ఏడుపొచ్చింది. చేపల కోసమో, మా కోసమో అప్పుడు తెలియలేదు.

తెల్లారి చచ్చిన చేపల్ని పళ్లెంలో పెట్టుకుని యలమందయ్య గారింటికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. మెట్ల కిందే నిలబడ్డాం. మెట్ల పైన వసారాలో వాళ్ల నీళ్ల డ్రమ్ము ఉంది. దాన్ని మేం ముట్టుకోకూడదు. అది ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు.

"ఏందయ్యా మాస్టారూ! నీ చేపలు చస్తే నా మంచినీళ్లు పారబొయ్యాలా? ఊరంతా తాగట్లా? ఎవుడు చచ్చాడు?" యలమందయ్య గారు గయ్యిమన్నారు.

"మనది పెద్ద ఒళ్లండీ, తట్టుకుంటంది. పిల్లలది చిన్న ఒళ్లు. వాళ్లకి మాత్రం పొయ్యమాకండి. అంతే నేనడిగేది" అన్నాడు మా ఆయన.

యలమందయ్య గారి భార్య హనుమాయమ్మ గారు లోపల్నుంచి వచ్చింది. పళ్లెంలోకి చూసింది. కొంగు బిగించి, రెండు చేతులతో ఆ డ్రమ్మును తోసేసింది. నీళ్లు మెట్ల మీదుగా మా కాళ్ల దాకా వచ్చాయి.

కొన్నాళ్లకు వాళ్ల పాలేరు పెద్ద పెద్ద పాల క్యాన్లు తెచ్చి మా గుమ్మం ముందు దించాడు. "ఈసారి వీటిల్లో తెచ్చుకోమంది అమ్మగారు" అన్నాడు. చెయ్యి పెట్టనన్న నేనే కొంగు దోపి తొట్టెలోకి దిగి, చేతులు పుళ్లు పడేదాకా తోమాను. అత్త నవ్వింది.

రెండో సముద్రం బతికింది. పగడాలు మాత్రం ఎన్నడూ రాలేదు. ఆయన కూడా లేడిప్పుడు. ఆ గాజు పెంకుల కింద ఆయన పక్కన కూర్చుని పీతల్ని చూసిన మధ్యాహ్నాలు మళ్లీ కావాలనిపిస్తుంది. ఎంత అనిపించి ఏం లాభం.

ఆ రెండో సముద్రం కొత్తల్లోనే ఒకరోజు హనుమాయమ్మ గారు చూడ్డానికి వచ్చింది. మా గడప తొక్కడం అదే మొదలు. ఇంత దగ్గర్లో ఉండి సముద్రం చూడని మనిషి. పీత నడుస్తుంటే చిన్నపిల్లలా నవ్వింది. తొట్టెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించింది.

"అబ్బ, ఇంత ఉప్పేందే! నోరంతా పాడయింది. కాసిని మంచినీళ్లియ్యి రెబ్కా" అంది.

అత్త నా వంక చూసింది. నేను కొత్త కుండలోంచి గ్లాసుతో ముంచి ఇచ్చాను. ఆవిడ మూతికి ఆనించిన గ్లాసు దించకుండా తాగింది.