రూల్సమ్మ అడగని మాట

జబ్బుపడ్డవాళ్లకీ, వైకల్యం ఉన్నవాళ్లకీ ఇంటికెళ్లి సాయం చేయడం ఆమె ఉద్యోగం. శిక్షణలో చెప్పింది పొల్లుపోకుండా పాటిస్తుందని తోటివాళ్లు రూల్సమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వమే.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఒక పెద్దావిడ ఇంటికి ఆమెని వేశారు. మూడో అంతస్తులో ఒకటే గది. రోజూ ఎనిమిదింటికి పెద్దావిడ చెల్లెలు వచ్చేది. కింద వీధిలోనే ఆవిడ కుట్టుషాపు. షాపు తెరిచేముందు అక్కకి తల దువ్వి, జడ వేసి, జాకెట్టు హుక్కులు పెట్టి వెళ్లేది.

"అన్నీ మీరే చేసిపెడితే ఆవిడకి ఎప్పటికి అలవాటవుతుందండీ?" అంది రూల్సమ్మ రెండోరోజే. "తన పని తనే చేసుకోవాలి. కొన్నాళ్లు మీరు రాకండి."

"అలాగేనమ్మా, చదువుకున్నదానివి," అని చెల్లెలు మెట్లు దిగింది. అక్కని ఎవరూ ఏమీ అడగలేదు.

నెల తిరిగేసరికి పెద్దావిడ ఎడమచేత్తో దువ్వుకుని క్లిప్పు పెట్టుకోవడం నేర్చుకుంది. సూపర్‌వైజర్ మీటింగులో అందరిముందూ మెచ్చుకున్నాడు. రూల్సమ్మ కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆ తర్వాతి సోమవారం వెళ్లేసరికి పెద్దావిడ జుట్టంతా చిక్కులు.

"దువ్వుకోలేదేం పెద్దమ్మా? చెయ్యి నొప్పా?"

"చేతికేం, దివ్యంగా ఉంది. ఎవరొచ్చి చూడాలని?"

"మీ చెల్లెలు?"

"రావద్దన్నావుగా. అది జడ వేసేది పావుగంటే. ముప్పావుగంట షాపుకొచ్చేవాళ్ల ముచ్చట్లే. నవ్వలేక చచ్చేదాన్ని."

రూల్సమ్మకి తను చదివిన పాఠం గుర్తొచ్చింది. ఒక్కో ఇంట్లో సాయమంటే ఒక్కో అర్థం, ముందు అది అడిగి తెలుసుకోవాలని శిక్షణలో చెప్పనే చెప్పారు. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది.

ఆ మధ్యాహ్నమే కుట్టుషాపుకి వెళ్లింది. "తప్పు నాదండీ. రేపట్నుంచి రండి."

చెల్లెలు మిషను ఆపింది. "అక్క కోలుకోకుండా నేనే అడ్డుపడ్డానేమోనని నెలరోజులుగా తిండి సయించలేదమ్మా నాకు."

"అయ్యో, లేదండీ!"

"మరి అప్పుడలా అన్నావే?"



మర్నాడు చెల్లెలు వచ్చింది. అక్క మొహం విప్పారింది. కానీ చెల్లెలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి అక్క తలమీద చెయ్యి వేయబోయి ఆగి, రూల్సమ్మ వైపు చూసింది.

"జడ వేయొచ్చా అమ్మా?"

"నన్నడక్కండి... అక్కని అడగండి," అని నసిగింది రూల్సమ్మ. అక్క అప్పటికే వీపు తిప్పి కూర్చుంది.

మళ్లీ రోజూ జడ పడుతోంది. రూల్సమ్మ గదిలో ఉంటే మాత్రం చెల్లెలు ముందు అలాగే ఒకసారి చూస్తుంది. ఆ చూపు తట్టుకోలేక, ఆవిడ వచ్చే వేళకి రూల్సమ్మ బయట మెట్లమీదకి వెళ్లి కూర్చుంటుంది.