ఆమె అనని మాట

ఊళ్లో అందరూ ఆమెను మైకక్క అనేవారు. రైల్వే స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే ఉద్యోగం. మెత్తని గొంతు, మాటలో తొందర ఉండదు. బండి ఆలస్యమన్న కబురు ఆమె చెబితే జనానికి కోపం కూడా రాదని స్టేషన్ మాస్టరు నవ్వేవాడు.

ఆ గొంతు కోసమే ఒకసారి పౌర రక్షణ కార్యాలయం వాళ్లు వచ్చారు. వరదొచ్చినా, నిప్పంటుకున్నా వీధుల్లో లౌడ్‌స్పీకర్ల నుంచి జనాన్ని హెచ్చరించాలి, భయపెట్టని గొంతు కావాలి అన్నారు. చిన్న గదిలో కూర్చోబెట్టి ఏవేవో వాక్యాలు చదివించారు. కొన్నిటికి తలా తోకా లేదు. "మీరు చదివితే చాలమ్మా, మిగతా మాటలు మెషీనే అతుక్కుంటుంది" అన్నాడు రికార్డింగ్ అతను. ఆమె సంతకం పెట్టి ఇంటికొచ్చి ఆ సంగతే మర్చిపోయింది.

ఆమె రిటైరయ్యే నాటికి పొరుగు దేశంతో మాటలు తెగిపోయాయి. ఒక మధ్యాహ్నం, మంచం పట్టిన అత్తగారికి తల దువ్వుతోంది.

"ఏంటే, ఏదో అంటున్నావు?" అంది అత్తగారు.

"నేనేం అనలేదత్తయ్యా."

"అంటున్నావుగా. వీధిలోంచి అంటున్నావు."

దువ్వెన ఆగిపోయింది. కిటికీలోంచి తన గొంతే వస్తోంది. "శత్రువుల క్షిపణులు బయల్దేరాయి. అందరూ నేలమాళిగల్లోకి దిగండి. పిల్లల చేతులు పట్టుకోండి." పిల్లలు అనే ముందు చిన్న ఊపిరి కూడా వినిపించింది. అది తనకున్న అలవాటే.

వీధిలో ఎవరూ అరవడం లేదు. ఆ గొంతు అరవనివ్వదు. జనం వరసగా, బుద్ధిగా మెట్లు దిగుతున్నారు. గుమ్మంలో నిలబడ్డ ఆమెను ఎదురింటావిడ చూసింది, స్తంభం మీది లౌడ్‌స్పీకర్ని చూసింది, మళ్లీ ఈమెను చూసి బిడ్డను గుండెకు హత్తుకుని పరుగెత్తింది.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు" అంది అత్తగారు.

"నా నోరు జారలేదత్తయ్యా. ఎవరో లాగారు. లేకపోతే నిజంగానే ప్రభుత్వం వాళ్లు అతికించారేమో, నాకేం తెలుసు?"

"పోయి కనుక్కో. నిజమైతే మాత్రం నేనెలాగూ దిగలేను."

పౌర రక్షణ కార్యాలయం పక్క వీధిలోనే ఉంది. లోపల అధికారి రెండు చేతులా ఫోను పట్టుకుని ఉన్నాడు.

"బాబూ, ఈ హెచ్చరిక ఎవరు ఇమ్మన్నారు?"

ఆ గొంతు వినగానే అతను లేచి నిలబడ్డాడు. "అదేంటమ్మా, కంట్రోల్ రూం నుంచి ఫోన్ చేసి చెప్పింది మీరే కదా."

"నేను మా అత్తగారికి తల దువ్వుతున్నాను."

అతను వేరే లైన్లో కంట్రోల్ రూంకి చేశాడు. మీ ఆఫీసు నుంచి ఒకావిడే మాకు చెప్పింది అన్నారు వాళ్లు. రాడార్ తెరల మీద క్షిపణుల చుక్కలు కూడా కనబడుతున్నాయట. చుక్కల్ని చూసి గొంతును నమ్మారు, గొంతును విని చుక్కల్ని నమ్మారు. జవాబుగా మన క్షిపణులు సిద్ధమవుతున్నాయి.

"సార్, ఆవిడ నా ఎదురుగానే ఉంది" అన్నాడు అధికారి ఫోన్లో. "నోరు మూసుకునే ఉంది. బయట ఇంకా మాట్లాడుతోంది. మేం ఆపినా ఆగడం లేదు."

ఆకాశంలో ఆ క్షిపణుల్ని ఎవరైనా కళ్లతో చూశారా అని కంట్రోల్ రూం పెద్దాయన అడిగాడు. ఎవరూ చూడలేదు. అయితే ఆగుదాం అన్నాడు. చుక్కలు తెరమీద ఊరు దాటి వెళ్లిపోయాయి. పైన ఎండ తప్ప ఏమీ లేదు.

అధికారి ఆమె వైపు తిరిగాడు. "ఊరు ఖాళీ అవడం అటువాళ్ల మెషీన్లు పైనుంచి చూస్తుంటాయి. జనాన్ని దాచి మనమే కొట్టబోతున్నామని అనుకుంటాయి. అందర్నీ పైకి రమ్మని మైకులో చెప్పండమ్మా."

"ఏ గొంతని నమ్ముతారు బాబూ?"

మైకు వదిలేసి ఆమె నడిచింది. అధికారి, సిబ్బంది తలా ఒక వీధికి పరుగెత్తారు. తను మాత్రం ఒక్కో నేలమాళిగలోకీ దిగి, దీపం వెలుగులో ముఖం పెట్టి నిలబడింది. పైన ఒక మైకక్క దిగండి అంటుంటే కింద ఇంకో మైకక్క రండి అంటోంది. ఒక ముసలాయన చెవులు మూసుకుని కళ్లు మాత్రం తెరిచి చూశాడు.

"నా పెదాలు చూడండి నాయనా. నేను మాట్లాడితే ఇవి కదులుతాయి."

ముందు ఆయన లేచాడు. తర్వాత పిల్లల తల్లులు. సాయంత్రానికి వీధులు మళ్లీ నిండాయి. ఆ రోజు యుద్ధం రాలేదు.

ఆ గొంతును ఎవరు అతికించారో తేలలేదు. శత్రువులన్నారు, మనవాళ్లలోనే ఎవరో అన్నారు, ఎవరూ కాదు మెషీనే అన్నవాళ్లూ ఉన్నారు. ఆమె గొంతును అన్ని మెషీన్లలోంచీ తీసేశామని కాగితం పంపారు. ఆ తర్వాత నుంచి ఊళ్లో ఏ ప్రకటన వినబడినా ఎవరో ఒకరు వచ్చి తలుపు తట్టి, "అన్నది నువ్వేనా అక్కా?" అని అడిగి వెళ్లేవారు. ఇంట్లో ఆమె మాట్లాడటం తగ్గించింది. "మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అని అత్తగారు విసుక్కునేది.

చలికాలంలో చెల్లెలు ఫోన్ చేసింది. "ఇందాక మాట్లాడుతూ మాట్లాడుతూ పెట్టేశావేంటక్కా?"

ఇందాక ఆమె అసలు ఫోనే ముట్టుకోలేదు.

"ఏమన్నాను?"

"ఏముంది, పిల్లలెలా ఉన్నారని అడిగావు. ఎప్పుడూ లేనంత ప్రేమగా మాట్లాడావు."

మైకక్క ఫోన్ పెట్టేసింది. అత్తగారిని ఎదురింటావిడకు అప్పగించి, ఉన్న చీరతోనే బస్సెక్కింది. చెల్లెలు తలుపు తీసింది. గుమ్మంలోనే అక్క ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, పెదాలకేసి చూస్తూ, "ఏదీ, మాట్లాడక్కా" అంది.