బురద పూసుకుని పెట్టిన దండం

మా మామకూ నాకూ మాటలు లేక ఏడాదిన్నర అయింది. న్యాల్‌కల్‌లో మా బావమరిది పెళ్లప్పుడు, పెద్దల్లుడినైన నన్ను కూర్చోబెట్టి చిన్నల్లుడికి ముందు బట్టలు పెట్టారు. నేను అన్నం కూడా తినకుండా లేచి బస్సెక్కాను. తప్పు ఆయనది కాబట్టి ఆయనే ముందు పలకరించాలని నా పట్టు. పెద్దవాణ్ణి, నేనెందుకు పలకరిస్తానని ఆయన పట్టు. మధ్యలో నలిగింది నా భార్య. నేను పొమ్మంటే గాని ఆమె తల్లిగారింటికి పోదు, నేను పొమ్మనలేదు. న్యాల్‌కల్ బస్సు మా ఇంటి ముందు నుంచే పోయేది. ఆ వేళకు ఆమె వాకిట్లో ఏదో పని కల్పించుకునేది. నేను చూడనట్టు పేపరు చదువుకునేవాణ్ణి.

అంత కోపం కడుపులో పెట్టుకుంటే మంట రాక ఏం చేస్తుంది? మందుగోళీలతో తగ్గలేదు. ఝరాసంగం దారిలో ఒక జామతోటలో ప్రకృతి వైద్యం చేస్తున్నారని విని ఒక ఆదివారం వెళ్లాను. ఎనభైల మొదట్లో మాట. అప్పుడు నేను జహీరాబాద్ తాలూకా ఆఫీసులో గుమాస్తాను. ఆడవాళ్ల వైద్యం తడికల అవతల, మగవాళ్లది ఇవతల.

"బట్టలన్ని ఆ గంపల ఏసి గోచి కట్టుకోన్రి" అన్నాడు వైద్యుడు. "రేగడి మన్ను నెత్తి నుంచి కాళ్ల దాక పుయ్యాలె. ఎండెదాంక నోరు తెరవొద్దు. మాట్లాడితె మొఖం మీద మన్ను పలుగుతది, రోగం లోపట్నె ఉంటది."

కాసేపట్లో పాతికమంది మగవాళ్లం ఎండలో పిడకల్లా ఆరుతున్నాం. ఎవరు పటేలో, ఎవరు పాలేరో, ఎవరు కిరాణా సేటో తెలిసే దారి లేదు. మా తహశీల్దారు కూడా పొద్దున్నే వచ్చాడని గంపలు కాసే మనిషి అంతకుముందే నా చెవిన వేశాడు. పోల్చుకునేదెట్లా? ఆఫీసులో ఆయన కంటే ముందు ఆయన పొట్ట లోపలికి వచ్చేది. ఆ ఆనవాలుతోనే వెతికాను. అచ్చం అలాంటి పొట్ట ఒకటి వేపచెట్టు దగ్గర కనిపించింది. చూసి కూడా దండం పెట్టలేదని సోమవారం పట్టుకుంటాడేమోనని, ఒక చేత్తో గోచి పట్టుకుని అక్కడికి నడిచాను. నోరు తెరవొద్దు కదా. గోచి సంగతి దేవుడికి వదిలేసి, రెండు చేతులూ జోడించి నడుము దాకా వంగాను.

ఆ మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన చూపు నా ఎడమకాలి ఆరో వేలి మీద ఆగింది. నా పెళ్లిలో ఆ కాళ్లు కడిగిన మనిషి ఆ వేలిని మరిచిపోతాడా?

"అల్లుడా!" అన్నాడు. మొఖం మీద మన్ను ఫట్‌మని పగిలింది. అది మా మామ గొంతు.

"నువ్వే ముందుగాల వంగుతవనుకోలే బిడ్డా. తప్పు నాదే. ఆ దినం లొల్లిల యాది మర్సిన. నా బిడ్డ ఎట్లున్నది? జర సన్నగయ్యిందంటున్నరు..." అంటుంటే ఆయన కళ్ల నీళ్లకు బురదలో రెండు చాళ్లు పడ్డాయి.

దండం మీకు కాదు మామా, తహశీల్దారుకు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏడాదిన్నర పట్టు మరి, ఊరికే పోతుందా? ఆ రెండు చాళ్లు చూసి మింగేశాను.

"మంచిగున్నది మామా. రేపే తోలిస్త."

"మల్ల పుయ్యాలె ఇద్దరికి!" అని వైద్యుడు దూరం నుంచి అరిచాడు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య నమ్మలేదు. సంచిలో చీరలు సర్దుకుంటూనే రెండుసార్లు అడిగింది.

"నిజంగ మీరే ముందుగాల దండం పెట్టిన్రా?"

"నేనే పెట్టిన" అన్నాను. అబద్ధం కాదు.

ఆమె లేచి వచ్చి నా చేయి పట్టుకుంది. పెళ్లయ్యాక ఆమె కళ్లలో నా మీద అంత గౌరవం చూడటం అదే మొదలు. నాకు చచ్చేంత సిగ్గేసింది. అధికారి కోసం క్షణంలో వంగిన నడుము, ఈమె కోసం ఏడాదిన్నర వంగలేదు.