యాడికి జయంతి కొత్త బంతి

1997లో, అనంతపురం జిల్లా యాడికి ఊరి హైస్కూలు మైదానంలో ఒక పదో తరగతి పిల్ల విసిరిన ఈటె గోడ దాటి చెనిక్కాయల చేలో దిగబడింది. డ్రిల్లు మాస్టరు యేసన్న నోట్లోని విజిల్ జారిపోయింది. ఆయన ఆ పిల్లను, జయంతిని, పిలిచి చేతిలో క్రికెట్ బంతి పెట్టాడు.

“ఆ మూడు పుల్లలకు తగిలించు పాపా, చూద్దాం.”

జయంతి ఈటె విసిరినట్టే విసిరింది. నడిమి వికెట్టు పల్టీలు కొట్టింది. మగపిల్లలు మాత్రం ఒప్పుకోలేదు.

“అది బౌలింగు కాదు సార్! చెయ్యి వంచి రాయి ఇసిరినట్టు ఇసిరింది!”

మోచెయ్యి వంగకూడదని జయంతికి అప్పుడే తెలిసింది. ఇంటికి పోయి మోచేతికి రెండు వెదురు బద్దలు పెట్టి, పాత చీర పేలికతో కట్టుకుంది. చూసి తల్లి లక్ష్మక్క బెదిరిపోయింది.

“ఏమైందే? చెయ్యి ఇరిగినాదా?”

“లేదుమ్మా. వంగకుండా కట్టుకున్యా. బంతి ఎయ్యాల.”

ఆ మరుసటి ఏడు వానల్లేవు. నాయన నల్లప్ప విత్తనం వెయ్యకుండా వదిలేసిన చేను బండలా గట్టిపడింది. కూతురు వీధిలో పరుగెత్తడం చూసి ఆయన చేలో రాళ్లన్నీ ఏరి పారేశాడు.

“ఈధిలో ఎందుకు? చేను ఖాళీగా ఉండాది కదా, ఈడ ఉరుకు” అన్నాడు.

ఉరికేకొద్దీ బంతి వేగం పెరిగింది. బద్దలు విప్పేసినా చెయ్యి వంగలేదు. జిల్లా జట్టులోకి, తర్వాత రాష్ట్ర జట్టులోకి వచ్చింది. అనంతపురంలో ఆమె పాదానికి సరిపడే బౌలింగ్ బూట్లు దొరకలేదు. మగవాళ్ల బూట్లలో గుడ్డలు కుక్కుకుని ఆడింది. రైళ్లలో జనరల్ పెట్టెల్లో, కిట్ సంచుల మీద కూర్చుని ఊళ్లు తిరిగింది. 2002లో ఇండియా జట్టులో ఆమె పేరు వచ్చింది!

మొదటి మ్యాచ్ ఢిల్లీలో, ఇంగ్లండ్ మీద. కొత్త బంతి ఆమెకే ఇచ్చారు. తొలి బంతి కీపర్‌కు కూడా అందకుండా బౌండరీకి పోయింది. రెండోదీ వైడే. కెప్టెన్ దగ్గరికొచ్చి హిందీలో ఒకటే మాట చెప్పింది: బంతి ఎటు పోయినా ఫరవాలేదు, వేగం మాత్రం తగ్గించొద్దు.

జయంతి తగ్గించలేదు. ఇంకా వెనక్కి వెళ్లి, ఇంకా గట్టిగా ఉరికింది. బ్యాటు కిందికి దిగేలోపే ఆఫ్ స్టంప్ గాల్లోకి లేచింది! ఆ వెంటనే ఇంకో వికెట్. ఆట చివరి ఓవర్ దాకా వచ్చింది. ఇంగ్లండ్‌కు నాలుగు పరుగులు కావాలి, ఒకే వికెట్ మిగిలింది. బంతి మళ్లీ జయంతి చేతికొచ్చింది. బ్యాటర్ కాలివేళ్ల దగ్గర యార్కర్ పడింది. వికెట్లు చెదిరాయి. జట్టంతా వచ్చి ఆమె మీద పడింది.

ఆ మ్యాచ్ టీవీలో రాలేదు. సాయంత్రం జయంతి ఊళ్లోని ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసింది. నాయన పరుగున వచ్చాడు.

“గెలిచినాం నాయనా! నేను మూడు వికెట్లు తీసినా!”

“తీసినావా!” అని అరిచి, ఇంకేం అడగాలో తోచక, “ఆడ వానలు పడినాయా?” అన్నాడు.

లక్ష్మక్క రిసీవర్ లాక్కుంది. “ఇప్పుడు వాన సంగతెందుకు నీకు! పాపా, తిన్యావా? ఈడ అందరూ ఎగురుతాండారు, ఇనబడతాందా?”

రెండేళ్లకు నడుము ఎముకలో పగులు వచ్చింది. ఫాస్ట్ బౌలింగ్ మానెయ్యమన్నాడు డాక్టరు. స్పిన్ వేసుకోమన్నారు కొందరు. “నాకు ఉరికేదే వచ్చు” అంది జయంతి. నెలల తరబడి పడుకుంది. లేచి మొదట నడిచింది, తర్వాత ఉరికింది. 2006లో మళ్లీ జట్టులోకి వచ్చింది.

చెన్నైలో శ్రీలంకతో మ్యాచ్. నల్లప్ప, లక్ష్మక్క తాడిపత్రిలో రైలెక్కి, మొదటిసారి కూతురి ఆట చూడ్డానికి వచ్చారు. ఆమె పరుగు మొదలుపెట్టగానే నల్లప్ప లేచి నిలబడ్డాడు. బంతి బ్యాటర్ చెవి పక్కనుంచి సర్రుమని పోయింది. ఆ తర్వాతి బంతి బ్యాటు అంచుకు తగిలి గాల్లోకి లేచి, స్లిప్‌లో చేతులకు చిక్కింది.

“అవుటేనా అన్నా?” అని పక్కనున్న తమిళాయన్ని అడిగాడు. భాష తెలియకపోయినా ఆయన నవ్వి చూపుడువేలు పైకెత్తాడు.

నల్లప్ప తలగుడ్డ విప్పి గాల్లో తిప్పాడు. “జయంతీ! మా యాడికి జయంతీ!” చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఆ పేరందుకున్నారు.

ఆ తర్వాత మరో మూడేళ్లు ఆమె ఇండియాకు కొత్త బంతి వేసింది. ఆ రోజు చెన్నై నుంచి తిరుగు రైల్లో మాత్రం, అరిచిన అరుపులకు నల్లప్ప గొంతు బొంగురుపోయింది. పెట్టెలో వాళ్లడిగిన ప్రతిసారీ లక్ష్మక్కే లేచి, చెయ్యి తిప్పి, బంతి ఎట్లా పడిందో చూపించింది.